ఆనకట్ట దిగువ నదిలో ట్రౌట్ లెక్క: గాలం వేసేవారి గంటలను, వారు తీసుకెళ్లే చేపలను అంచనా వేయడం ఎలా?

లోతైన జలాశయం అడుగున నీళ్లు మండు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. ఆనకట్ట గోడలో లోతున ఉన్న ద్వారాల గుండా ఆ నీళ్లు టర్బైన్లను తిప్పి కిందికి వస్తాయి. ఒకప్పుడు వెచ్చని నీటి చేపలకు నెలవైన నదులు అందువల్లే చల్లని నీటి చేప అయిన ట్రౌట్‌కు అనువుగా మారిపోయాయి. అమెరికాలో ఇలాంటి నదులు చాలా ఉన్నాయి. అరిజోనాలో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట కింద కొలరాడో, ఆర్కన్సాలో బుల్ షోల్స్ కింద వైట్ నది, టెన్నెసీలో నోరిస్ కింద క్లించ్, యూటాలో ఫ్లేమింగ్ గార్జ్ కింద గ్రీన్ నది వాటిలో కొన్ని. ఆర్కన్సాలోనే గ్రీర్స్ ఫెరీ ఆనకట్ట కింద ప్రవహించే లిటిల్ రెడ్ నదిలో 1992లో 40 పౌండ్ల 4 ఔన్సుల బ్రౌన్ ట్రౌట్ గాలానికి పడింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

ఇటువంటి నదుల్లో చాలాచోట్ల చేపపిల్లల కేంద్రాల నుంచి ట్రౌట్‌ను తెచ్చి వదులుతారు. కొన్నిచోట్ల అవి సొంతంగా గుడ్లు పెట్టి వృద్ధి చెందుతాయి. ఎలా వచ్చిన చేపలైనా నదిని చూసుకునేవారి ముందు ఒకే ప్రశ్న ఉంటుంది: మనుషులు ఇక్కడ ఎన్ని గంటలు గాలం వేస్తున్నారు, ఎన్ని చేపలు తీసుకెళ్తున్నారు? నది ఒడ్డున నిలబడి అందరినీ అడగడం కుదరదు. కొన్ని రోజులు, కొన్ని వేళలు ఎంచుకుని, అప్పుడు చూసినదాన్ని బట్టి మొత్తాన్ని అంచనా వేయాలి. దీన్నే క్రీల్ సర్వే అంటారు.

పైకి సులభంగా కనిపించే పని ఇది. కానీ ఆనకట్ట కింద నదిలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మామూలు నదిలో జనం రాకపోకలను సెలవులు, వాతావరణం నిర్ణయిస్తాయి. ఇక్కడ వాటితో పాటు నీటి విడుదల కూడా నిర్ణయిస్తుంది. ఆ సంగతి పట్టించుకోకుండా క్యాలెండర్ ఒక్కటే చూసి వేసిన ప్రణాళిక, ఎంత శ్రద్ధగా అమలు చేసినా తప్పుడు అంకెలే ఇస్తుంది. ఈ వ్యాసంలో దాని మీద ఎక్కువ సేపు ఆగడానికి కారణం అదే.

ముందు ప్రశ్నను తేల్చుకోండి

సర్వే ఫలితంతో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారో ఒక్క వాక్యంలో రాసుకోండి. తెచ్చి వదిలిన చేపల్లో ఎన్ని గాలం వేసేవారికి దక్కుతున్నాయో తెలియాలా? కొత్తగా తెచ్చిన పొడవు నిబంధన పనిచేస్తోందో లేదో చూడాలా? టెన్నెసీలోని సౌత్ హోల్‌స్టన్ నదిలో 16 నుంచి 22 అంగుళాల మధ్య ఉన్న ట్రౌట్‌ను ఉంచుకోకూడదనే నిబంధన తెచ్చారు. అలాంటి చోట తీసుకెళ్లిన చేపల సంఖ్య ఒక్కటే సరిపోదు. తిరిగి నీటిలో వదిలిన చేపల పరిమాణం కూడా అడగాలి. నెలవారీ అంకెలు కావాలా, ఏడాది మొత్తం చాలా అన్నదీ ఇప్పుడే తేలాలి. నెలవారీ కావాలంటే పని రోజులు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

తర్వాత అసలు సూత్రం. ఇది చాలా చిన్నది:

తీసుకెళ్లిన చేపలు = మొత్తం మనిషి-గంటలు × ఒక మనిషి గంటకు తీసుకెళ్లిన చేపలు

ఇద్దరు మూడేసి గంటలు గాలం వేస్తే ఆరు మనిషి-గంటలు. సూత్రంలో కుడివైపున్న రెండు అంకెలూ రెండు వేర్వేరు పనుల నుంచి వస్తాయి. మనుషులను లెక్కించడం ద్వారా మొదటిది, మనుషులతో మాట్లాడటం ద్వారా రెండోది. ఈ రెంటినీ కలగాపులగం చేయకుండా ఉంటే సగం తప్పులు రాకుండానే పోతాయి.

నదిని మొదలు నుంచి చివరి దాకా చూడండి

సర్వే పరిధి ఆనకట్ట నుంచి ఎక్కడి దాకా అన్నది పటం మీద గీయండి. తర్వాత ఆ పొడవునా ఒకసారి నడిచి, మరోసారి పడవలో వెళ్లి చూడండి. పడవ రేవులు, వాహనాలు నిలిపే చోట్లు, వంతెనలు, ప్రైవేటు స్థలాల గుండా నదిలోకి దిగే కాలిబాటలు అన్నీ గుర్తించాలి. పటంలో కనిపించని బాటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. గడ్డి అణిగిపోయి, ఒడ్డున తెగిన గాలపు తీగ ముక్కలు పడి ఉన్న చోటల్లా మనుషులు వస్తున్నట్టే. ఏ చోటైనా మీ జాబితాలో లేకపోతే అక్కడి వారు మీ అంచనాలోనూ ఉండరు.

నదిని కొన్ని భాగాలుగా విడగొట్టండి. ఆనకట్టకు దగ్గరి భాగం, మధ్య భాగం, దిగువ భాగం అన్నట్టుగా మూడు నాలుగు చాలు. ఒక్కో భాగాన్నీ గంటలోపు చుట్టి రాగలిగేలా ఉంటే మంచిది. కారణం లెక్కింపు దగ్గర చెప్తాను.

రేవు దగ్గర నిలబడాలా, ఒడ్డు వెంట తిరగాలా?

ఇంటర్వ్యూలకు రెండు దారులున్నాయి. ఒకటి, గాలం వేయడం ముగించి వెళ్లేవారిని రేవు దగ్గర కలుసుకోవడం. రెండోది, ఒడ్డు వెంట తిరుగుతూ గాలం వేస్తున్నవారినే పలకరించడం.

మొదటి దానిలో సమాచారం పూర్తిగా ఉంటుంది. ఎన్ని గంటలు వేశారు, ఎన్ని పట్టారు అన్నది అప్పటికి తేలిపోయి ఉంటుంది. నది స్వభావం అనుకూలిస్తే దీన్నే ఎంచుకోండి. గ్లెన్ కాన్యన్ కింద లీస్ ఫెరీ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆనకట్ట నుంచి అక్కడికి దాదాపు 15 మైళ్లు. రెండు వైపులా నిట్టనిలువు రాతి గోడలు. చేపల కోసం పడవలో పైకి వెళ్లేవారు దాదాపు అందరూ అదే రేవులో బయల్దేరి అదే రేవుకు తిరిగి రావాలి. ఆ రేవులో కూర్చున్న ఒక్క మనిషికి పడవల వారంతా కనిపిస్తారు. అక్కడే ఒడ్డున నడిచి వెళ్లి గాలం వేసేవారు మాత్రం వేరే జనం, వారికి వేరే ఏర్పాటు కావాలి. ఫ్లేమింగ్ గార్జ్ కింద పరిస్థితి ఇంకోలా ఉంటుంది. ఆనకట్ట దగ్గర పడవ దించి, ప్రవాహంతో పాటు ఏడు మైళ్లు దిగువన లిటిల్ హోల్ దగ్గర బయటికి తీస్తారు. అక్కడ ఇంటర్వ్యూ చేయాల్సింది పడవ దించే చోట కాదు, తీసే చోట.

దారులు చాలా ఉండి, జనం చెల్లాచెదురుగా ఉండే నదుల్లో తిరగక తప్పదు. తిరిగేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. ఆరు గంటలు ఉండే మనిషి మీకు ఎదురుపడే అవకాశం రెండు గంటలు ఉండే మనిషి కంటే మూడింతలు. అంటే మీ ఇంటర్వ్యూల్లో ఎక్కువ సేపు ఉండేవారి వాటా, నదికి వచ్చేవారిలో వారి వాటా కంటే ఎక్కువగా ఉంటుంది. దీనికి విరుగుడు లెక్క కట్టే దశలో ఉంది.

నా అభిప్రాయంలో చాలా నదులకు మిశ్రమ పద్ధతే మేలు. తిరుగుతూ మనుషులను లెక్కించండి. వీలైన రేవుల్లో, ముగించి వెళ్లేవారినే ఇంటర్వ్యూ చేయండి.

రోజులు, వేళలు చీటీ తీసి ఎంచుకోండి

ఏ రోజు వెళ్లాలో గణకులు (నది దగ్గర లెక్కించి, ఇంటర్వ్యూ చేసేవారు) తమ వీలును బట్టి నిర్ణయించకూడదు. వాన లేని రోజులే ఎంచుకుంటే జనం ఎక్కువగా కనిపిస్తారు. సందడి ఉన్న రేవులకే వెళ్తే ఖాళీ రేవులు లెక్కలోకి రావు. పని దినాలను ఒక వర్గంగా, వారాంతాలను, సెలవులను ఇంకో వర్గంగా విడగొట్టి, ఒక్కో వర్గంలో ఎన్ని రోజులు కావాలో అన్ని రోజులకు యాదృచ్ఛిక సంఖ్యలతో చీటీ తీయండి. కంప్యూటర్‌లోని ఏ లెక్కల పట్టికైనా ఈ పని చేస్తుంది. ఒకసారి వచ్చిన తేదీని నచ్చలేదని మార్చకండి. చేపల కాలం మొదలయ్యే రోజు లాంటి అసాధారణమైన రద్దీ ఉంటే దాన్ని విడిగా, తప్పనిసరిగా చూడండి.

రోజును కూడా విడగొట్టాలి. గాలం వేసే పగలు 14 గంటలనుకుందాం. ఏడు గంటల సేపు ఉదయం భాగం, ఏడు గంటల సేపు సాయంత్రం భాగం. ఒకే గణకుడు ఉంటే రెంటిలో ఒకటే చూడగలడు. సాయంత్రం రద్దీ ఎక్కువని తెలిస్తే దానికి 0.6, ఉదయానికి 0.4 సంభావ్యత ఇచ్చి చీటీ తీయవచ్చు. అయితే ఆ భాగంలో వచ్చిన మనిషి-గంటలను అదే సంభావ్యతతో భాగించాలి. సాయంత్రం 150 మనిషి-గంటలు వస్తే ఆ రోజు అంచనా 150 ÷ 0.6 = 250. ఉదయం పడి 40 వచ్చి ఉంటే 40 ÷ 0.4 = 100. ఈ రెండు అంకెలూ నిజమైన 190కి (150 + 40) దూరంగానే ఉన్నాయి. కానీ చీటీ ఇలా చాలాసార్లు తీస్తే 0.6 × 250 + 0.4 × 100 = 190, అంటే సగటున సరైన చోటికే చేరుతుంది. భాగించడం మరిచిపోతే ఆ భరోసా పోతుంది.

చీకటి పడ్డాక గాలం వేయడం అనుమతించిన నదుల్లో పెద్ద బ్రౌన్ ట్రౌట్ కోసం రాత్రి వచ్చేవారు ఉంటారు. వారిని చూసే ఏర్పాటు చేయండి. లేదా మీ అంచనా పగటికే పరిమితమని నివేదికలో స్పష్టంగా రాయండి.

నీటి విడుదలను ప్రణాళికలోకి తెచ్చుకోండి

ఇక అసలు విషయం. కరెంటు గిరాకీ పెరిగే వేళల్లో టర్బైన్లు తిరుగుతాయి, నది ఉప్పొంగుతుంది. గిరాకీ తగ్గాక నీరు పడిపోతుంది. నీరు తక్కువగా ఉన్నప్పుడు జనం నదిలోకి నడిచి దిగి గాలం వేస్తారు. పెరిగినప్పుడు నడిచేవారంతా ఒడ్డెక్కేస్తారు, పడవల వారు మిగులుతారు. రెండు పరిస్థితుల్లో మనుషుల సంఖ్యా వేరు, చేపలు పడే తీరూ వేరు, వాడే ఎరా వేరు. ఒకే రోజు ఒకే చోట ఉదయం పది గంటలకు 30 మంది, పన్నెండుకు ముగ్గురే కనిపించవచ్చు.

గాలం వేసేవారికి ఇది బాగా తెలుసు. టెన్నెసీ వ్యాలీ అథారిటీ తన ఆనకట్టల నీటి విడుదల వేళలను ముందుగానే ప్రజలకు తెలియజేస్తుంది. జనం వాటిని చూసుకునే బయల్దేరుతారు. అంటే నీరు జనాన్ని ఒడ్డుకు పంపడమే కాదు, ఇంటి నుంచి కదలాలా వద్దా అన్నదీ అదే నిర్ణయిస్తోంది. వారు చూసే పట్టికను మీరు చూడకపోతే ఎలా?

ఇంకో మెలిక ఉంది. ఆనకట్ట దగ్గర వదిలిన నీరు దిగువకు చేరడానికి గంటలు పడుతుంది. గేటు దగ్గర తొమ్మిదింటికి పెరిగిన నీరు మైళ్ల దూరంలోని వంతెన దగ్గరికి మధ్యాహ్నానికి గానీ రాకపోవచ్చు. ఆ మధ్యలో పైన ఒడ్డు ఖాళీ అవుతుంది, కింద ఇంకా జనం ఉంటారు. అనుభవం ఉన్నవారు నీటి అంచుకు ముందుగా కార్లలో దిగువకు కదులుతూ గాలం వేస్తారు. కాబట్టి నదికంతటికీ కలిపి ‘నీరు ఎక్కువ’, ‘నీరు తక్కువ’ అని రోజుకొక ముద్ర వేస్తే చాలదు. ప్రతి భాగానికీ, ప్రతి లెక్కింపుకీ, ఆ చోట ఆ నిమిషాన నీటి స్థితి రాయాలి.

ఆచరణలో ఇలా చేయండి. వంతెన స్తంభం మీద గానీ, కదలని బండ మీద గానీ అడుగుల గుర్తులు గీయించి, వెళ్లిన ప్రతిసారీ నీటి మట్టం రాయండి. దగ్గరలో ప్రవాహ మాపక కేంద్రం ఉంటే ఆ సమాచారమూ తీసుకోండి. అమెరికా జియలాజికల్ సర్వే కేంద్రాలు చాలావాటిలో ప్రతి 15 నిమిషాలకు ఒక రీడింగు దొరుకుతుంది. నీరు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ఒడ్డు రాళ్లే చెప్తాయి. రాయి మీద నీటికి పైన తడి చార వెడల్పుగా ఉంటే నీరు తగ్గుతున్నట్టు. చార లేకుండా పొడి రాతిని నీరు నేరుగా తాకుతూ, ఎండుటాకులు, పుల్లలు అంచున తేలుతూ ఉంటే పెరుగుతున్నట్టు. ఫారంలో దీనికి ఒక గడి ఉంచండి: పెరుగుతోంది, తగ్గుతోంది, నిలకడ.

మరి నీటి విడుదలను బట్టి రోజులను ముందే వర్గాలుగా విడగొట్టవచ్చా? నెల ముందే పట్టిక ఖరారయ్యే ఆనకట్ట అయితే విడగొట్టండి. కానీ చాలాచోట్ల అది ముందు రోజు గానీ తెలియదు, తెలిసినా మారిపోతుంది. అలాంటప్పుడు క్యాలెండర్ ప్రకారమే చీటీ తీసి, సర్వే ముగిశాక మాపక కేంద్రం రికార్డును చూసి గంటలను నీటి స్థితిని బట్టి విడదీసి లెక్క కట్టండి. నెలలో మొత్తం ఎన్ని గంటలు నీరు తక్కువగా ఉందో రికార్డు కచ్చితంగా చెప్తుంది. ఆ గంటలను తక్కువ నీటిలో చూసిన సగటు మందితో గుణించాలి. ఎక్కువ నీటికీ అంతే. చీటీలో వచ్చిన రోజుల్లో అనుకోకుండా తక్కువ నీటి గంటలే ఎక్కువగా పడితే వచ్చే వక్రత ఇలా సరవుతుంది. అయితే రెండు స్థితుల్లోనూ తగినన్ని లెక్కింపులు ఉండాలి.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. ‘ఈ రోజు నీరు వదులుతున్నారు, ఎవరూ ఉండరు, వెళ్లి లాభం లేదు’ అని చీటీలో వచ్చిన రోజును వదిలేయకండి. వెళ్లండి, సున్నా రాయండి. ఆ సున్నాలే మీ సగటును నేల మీద నిలబెడతాయి. సున్నాలను వదిలేస్తే ప్రతి నెలా అంచనా ఉబ్బుతుంది, నదిలో లేని రద్దీ కాగితం మీద పుడుతుంది, దాన్ని చూసి ఎవరో నిబంధనలు మారుస్తారు.

భద్రత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గణకులు లైఫ్ జాకెట్ లేకుండా నీటిలోకి గానీ పడవలోకి గానీ దిగకూడదు. సైరన్ వినిపించినా, నీటి చప్పుడు మారినా, అప్పటిదాకా కనిపించిన రాళ్లు మునుగుతున్నా ఇంటర్వ్యూ సగంలో వదిలేసి ఒడ్డెక్కాలి. నది మధ్యలో నిలబడి ప్రశ్నలు అడగవద్దు. ఎదుటి మనిషి కూడా మీ మాటల్లో పడి నీటిని గమనించకపోవచ్చు.

మనుషులను లెక్కించడం

లెక్కింపు అంటే ఒక క్షణాన నదిలో ఎంతమంది గాలం వేస్తున్నారో చూడటం. ఎత్తైన గట్టు మీద నుంచి ఒక భాగమంతా కనిపిస్తే నిజంగానే ఒక్క చూపులో అయిపోతుంది. లేకపోతే కారులోనో పడవలోనో ఆ భాగాన్ని చుట్టాలి. గంటలోపు ముగిస్తే దాన్ని ఒక్క క్షణపు లెక్కగా తీసుకోవడం ఆనవాయితీ. అందుకే భాగాలు చిన్నవిగా ఉండాలన్నాను.

లెక్కింపు మొదలయ్యే వేళను చీటీ తీసి ఎంచుకోండి. ఏ చివర నుంచి మొదలు పెట్టాలో కూడా చీటీయే చెప్పాలి. ఎప్పుడూ ఆనకట్ట నుంచి కిందికే వెళ్తే ప్రవాహంతో పాటు కదిలే పడవలు, నీటి అంచుతో పాటు కదిలే మనుషులు మళ్లీ మళ్లీ లెక్కలోకి రావచ్చు. లెక్కించేటప్పుడు ఇంటర్వ్యూ కోసం ఆగకండి. పదిమందితో మాట్లాడుతూ రెండు గంటలు పడితే అది క్షణపు లెక్క కాదు. అలా ఆగినప్పుడు ముందున్నవారు వెళ్లిపోతారు, మనుషుల సంఖ్య తగ్గి వస్తుంది.

ఎవరు లెక్కలోకి వస్తారో ముందే రాసుకోండి. గాలం నీటిలో ఉన్నవారు, ఎర మారుస్తున్నవారు, తీగ చిక్కు విప్పుతున్నవారు వస్తారు. ఒడ్డున భోజనం చేస్తున్నవారు, తోడుగా వచ్చి కూర్చున్నవారు రారు. పడవలో నలుగురుండి ముగ్గురే గాలం వేస్తుంటే ముగ్గురే. పడవ నడిపే గైడు గాలం వేయకపోతే లెక్కలో లేనట్టే. నడిచేవారిని, ఒడ్డున ఉన్నవారిని, పడవల వారిని విడివిడిగా రాయండి.

కార్లను లెక్కించి మనుషులను ఊహించడం, గంట గంటకూ ఫొటో తీసే కెమెరాలు పెట్టడం కూడా ఉన్నాయి. ఇవి మనిషి లెక్కకు తోడుగా పనికొస్తాయి. ఒక కారుకు సగటున ఎంతమంది గాలం వేసేవారో అదే నదిలో, అదే కాలంలో సరిచూసుకోకుండా వాడవద్దు.

ఇంటర్వ్యూ, చేప కొలత

మొదటి వాక్యంలోనే మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో, ఎంత సేపు పడుతుందో చెప్పండి. గణకులకు తనిఖీ, జరిమానా పనులు అప్పగించవద్దు. చేతిలో చలానా పుస్తకం ఉన్నవారికి ఎవరూ బుట్ట తెరిచి చూపించరు.

ప్రశ్నలు తక్కువగా ఉండాలి: ఎన్ని గంటలకు మొదలు పెట్టారు, మధ్యలో ఎంత సేపు ఆగారు, ఇక ముగించేశారా, మీలో ఎంతమంది గాలం వేశారు, ఏ చేప కోసం, ఏ ఎరతో, ఎన్ని ఉంచుకున్నారు, ఎన్ని వదిలేశారు. ఆగిన సమయం అడగడం ఈ నదుల్లో చాలా ముఖ్యం. నీరు పెరిగిందని రెండు గంటలు కారులో కూర్చున్న మనిషి ‘పొద్దున ఆరింటి నుంచి ఉన్నాను’ అనే చెప్తారు. ఎర గురించి అడగడానికీ కారణముంది. వానపాముల వంటి సహజమైన ఎరను ట్రౌట్ లోతుగా మింగుతుంది, వదిలేసినా చనిపోయే అవకాశం ఈకలతో కట్టిన కృత్రిమ ఎరకు (ఫ్లై) పడిన చేప కంటే ఎక్కువ. వదిలిన చేపలు చాలా ఉన్న నదిలో ఈ నష్టాన్ని విడిగా అంచనా వేయడానికి ఈ జవాబు అవసరమవుతుంది.

ఉంచుకున్న చేపలను గణకులే చూడాలి, లెక్కపెట్టాలి. వదిలేసిన వాటికి మాట తప్ప ఆధారం లేదు. అందుకే ఆ రెండు అంకెలనూ ఎప్పుడూ కలిపి రాయకండి. వదిలిన చేపల జవాబులు 5, 10, 20 అని గుండ్రని అంకెల్లో వస్తున్నాయంటే జనం గుర్తున్నంత చెప్తున్నారని అర్థం. అలాంటి జవాబుల శాతాన్ని నివేదికలో పెట్టండి.

కొలిచే తీరు ఇలా ఉండాలి. కొలబద్ద పలకను తడపండి. చేపను కుడి పక్కన పడుకోబెట్టి, మూతిని పలక చివరి అడ్డుకు ఆనించండి, నోరు మూసి ఉండాలి. తోక రెండు పాయలనూ దగ్గరికి నొక్కి, పొడవైన కొసను మి.మీ.లలో చదవండి. తర్వాత వెన్ను మీద, తోకకు కాస్త ముందు ఉండే చిన్న కండ రెక్కను చూడండి. చేపపిల్లల కేంద్రాలు గుర్తు కోసం తరచూ ఈ రెక్కనే కత్తిరిస్తాయి. అది లేకుండా, ఆ చోట చర్మం నున్నగా ఉంటే కేంద్రం నుంచి తెచ్చి వదిలిన చేప. మీ నదిలో అలా తెచ్చి వదిలినవాటన్నిటికీ ఈ గుర్తు పెట్టి ఉంటే, తీసుకెళ్లిన చేపల్లో కేంద్రం నుంచి వచ్చినవి ఎన్ని, నదిలో పుట్టినవి ఎన్ని అన్నది ఈ ఒక్క చూపుతో తేలుతుంది. అరుదైన సమాచారం ఇది, తొందరలో వదులుకోకండి.

ఏమీ పట్టనివారు ‘నాకేం పడలేదు, నన్నెందుకు అడుగుతారు’ అంటారు. వారిని తప్పక ఆపి అడగండి. నిరాకరించినవారినీ ఒక వరుసలో రాయండి, వేళ, చోటు, మనుషుల సంఖ్యతో సహా.

లెక్క కట్టడం

ఊహించిన అంకెలతో ఒక వర్గాన్ని చేసి చూద్దాం. ఒక నెలలో వారాంతపు రోజులు 8. చీటీలో వచ్చినవి 4. రోజుకు 14 గంటలు. ప్రతి రోజూ చీటీ తీసిన రెండు వేళల్లో లెక్కించి సగటు తీస్తే నాలుగు రోజుల సగటులు 18, 25, 11, 22 మంది వచ్చాయి.

వీటి సగటు 19. రోజుకు 19 × 14 = 266 మనిషి-గంటలు. ఎనిమిది రోజులకు 266 × 8 = 2,128.

అదే వర్గంలో రేవు దగ్గర 40 మంది చెప్పిన గంటలు మొత్తం 150, పట్టిన ట్రౌట్ 96, అందులో ఉంచుకున్నవి 27. గంటకు పట్టినవి 0.64, ఉంచుకున్నవి 0.18. కాబట్టి తీసుకెళ్లినవి 2,128 × 0.18, సుమారు 383. పట్టినవి మొత్తం 1,362. తేడా 979 వదిలినవి. పని దినాలకూ, మిగతా నెలలకూ, నది భాగాలకూ ఇలాగే విడివిడిగా చేసి చివర కూడాలి. ముందే కలిపేసి ఒకే సగటు తీయకూడదు.

గంటకు ఎన్ని అన్నది లెక్కించడంలో రెండు దారులున్నాయి, ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఒకరు అరగంటలో ఒక చేప పట్టారు, ఇంకొకరు ఆరు గంటల్లో మూడు. మొత్తం చేపలను మొత్తం గంటలతో భాగిస్తే 4 ÷ 6.5, అంటే 0.62. ఒక్కొక్కరి రేటు తీసి సగటు చేస్తే 2, 0.5ల సగటు 1.25. రెండింతల తేడా! ముగించి వెళ్లేవారిని అడిగిన ఇంటర్వ్యూలకు మొదటి దారి సరైనది. తిరుగుతూ మధ్యలో అడిగిన వాటికి రెండోది, ఎందుకంటే అక్కడ ఎక్కువ సేపు ఉండేవారే ఎక్కువగా ఎదురయ్యారు, గంటలతో మళ్లీ బరువు ఇస్తే వారికి రెండుసార్లు బరువిచ్చినట్టవుతుంది. అయితే అప్పుడే మొదలుపెట్టి అదృష్టం కలిసొచ్చినవారి రేటు సగటును ఎగరేస్తుంది. అందుకే మధ్యలో అడిగినప్పుడు అరగంట కూడా నిండని వాటిని పక్కన పెట్టడం స్థిరపడిన పద్ధతి. ఉంచుకోదగ్గ చేపల పరిమితి చేరగానే వెళ్లిపోయేవారు ఎక్కువగా ఉండే నదిలో మధ్యలో అడిగే ఇంటర్వ్యూ బాగా పనిచేయదు. అలాంటి చోట రేవులనే నమ్ముకోండి.

అంచనా ఎంత నమ్మదగ్గది?

పై ఉదాహరణలో నాలుగు రోజుల మధ్య తేడా చూడండి. సగటు నుంచి తేడాలు -1, 6, -8, 3. ఒక్కో తేడాను దానితోనే గుణించి (వర్గం చేసి) కూడితే 110. దాన్ని మూడుతో, అంటే రోజుల సంఖ్య కంటే ఒకటి తక్కువతో, భాగిస్తే విస్తృతి (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 36.7. దాన్ని నాలుగుతో భాగించి వర్గమూలం తీస్తే సగటు యొక్క ప్రామాణిక దోషం 3.03. మనిషి-గంటల్లో 3.03 × 14 × 8, సుమారు 339. చాలామంది దీన్ని రెండింతలు చేసి ఊరుకుంటారు. నాలుగే రోజులున్నప్పుడు అది చాలదు. తక్కువ రోజులున్నప్పుడు ఎన్ని రెట్లు చేయాలో చెప్పేది గణాంకశాస్త్రంలోని టీ పట్టిక. అందులో మూడు స్వేచ్ఛాంకాలకు (రోజుల సంఖ్య కంటే ఒకటి తక్కువ) 95 శాతం విలువ 3.18. అంటే 2,128కి అటూ ఇటూ సుమారు 1,080. అసలు విలువ 1,050 నుంచి 3,200 దాకా ఎక్కడైనా ఉండవచ్చు!

నలభై ఇంటర్వ్యూలకు బదులు నాలుగు వందలు చేసినా ఈ వెడల్పు తగ్గదు. అది రోజుల మధ్య తేడా నుంచి వచ్చింది, కనుక రోజులు పెంచితేనే తగ్గుతుంది. దోషాన్ని సగం చేయాలంటే దాదాపు నాలుగింతల రోజులు కావాలి. డబ్బు, మనుషులు పరిమితంగా ఉన్నప్పుడు ఒకే రోజు ఇద్దరిని పంపడం కంటే ఇద్దరినీ వేర్వేరు రోజులకు పంపడం దాదాపు ఎప్పుడూ మేలు. నీటి స్థితిని బట్టి విడదీసి లెక్క కట్టడం వల్ల వచ్చే రెండో లాభం కూడా ఇదే. పై నాలుగు రోజుల్లో 11 మంది వచ్చిన రోజు నీరు వదిలిన రోజైతే, ఆ తేడాకు కారణం తెలిసిపోయింది, కనుక అది దోషంలో కలవదు. అదనంగా ఒక్క రూపాయి గానీ డాలరు గానీ ఖర్చు లేకుండా అంచనా బిగుస్తుంది.

తీసుకెళ్లిన చేపల అంచనాలో మనిషి-గంటల దోషం, రేటు దోషం రెండూ కలుస్తాయి. రెండూ వేర్వేరు పనుల నుంచి వచ్చాయి కాబట్టి, వాటి సాపేక్ష దోషాలను (అంచనాలో శాతంగా చూసిన దోషాలను) వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే సుమారు జవాబు వస్తుంది. గంటల దోషం 16 శాతం, రేటు దోషం 20 శాతం అయితే చేపల దోషం సుమారు 26 శాతం.

ఫారాలు, నివేదిక

ఫారాలను ఆ రోజు సాయంత్రమే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ముగించిన వేళ మొదలుపెట్టిన వేళ కంటే ముందుందా, పడవలో గాలం వేసినవారు మనుషుల కంటే ఎక్కువయ్యారా వంటివి గణకులకు గుర్తున్నప్పుడే సరిదిద్దవచ్చు. లెక్కింపుల పట్టిక, ఇంటర్వ్యూల పట్టిక, చేపల కొలతల పట్టిక విడివిడిగా ఉండాలి. తేదీ, నది భాగం, నీటి స్థితి మూడింటిలోనూ ఒకే రూపంలో ఉండాలి, అప్పుడే కలిపి చూడవచ్చు.

నివేదికలో ప్రతి అంచనా పక్కనా దాని దోషం ఉండాలి. చీటీ ఎలా తీశారు, ఎన్ని రోజులు అనుకుని ఎన్ని చేశారు, ఎందుకు తగ్గాయి, ఎంతమంది నిరాకరించారు, రాత్రి వేళలు లెక్కలో ఉన్నాయా అన్నవి రాయండి. సర్వే జరిగిన నెలల నీటి విడుదల రేఖాచిత్రాన్ని కూడా జతచేయండి. వచ్చే ఏడాది మనిషి-గంటలు సగానికి పడిపోతే మొదట తిరగేయాల్సిన పేజీ అదే. కరువుకో, మరమ్మతులకో విడుదల వేళలు మారి జనం రాలేదేమో అని చూడకుండా చేపలు తగ్గాయన్న నిర్ణయానికి రావద్దు.